చంద్రుడంత కుజుడు: ఒక సవరణ, ఒక విన్నపం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో, ఈ నెలలో కుజుడు పున్నమి చంద్రుడంత పెద్దగా కనిపించబోతున్నాడని నాలుగు వాక్యాల వార్త ఒకటి వచ్చింది. ఏటా ఆగస్టు రాగానే వాట్సాప్‌లో తిరిగే మాటే అది. దాన్ని కాదనడానికి ఒక్క వాక్యం చాలు. అయితే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో, కుజుడు నిజంగా ఎంత కనిపిస్తాడో, ఆ కనిపించేదాన్ని పట్టుకోవడానికి ఏం చేయాలో చెప్పాలంటే కొంచెం చోటు కావాలి. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పని చేసి, రిటైరయ్యాక పెరట్లో టెలిస్కోపు పెట్టుకుని కుజుడి బొమ్మలు వేసుకుంటున్నవాణ్ణి కనుక ఆ చోటు అడుగుతున్నాను.

2003 ఆగస్టు 27న కుజుడు భూమికి దాదాపు 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. సుమారు అరవై వేల ఏళ్లలో అంత దగ్గరికి వచ్చింది అప్పుడే. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఆకాశంలో వెడల్పును కోణంగా కొలిచే కళలు, వికళలు కొత్త కాదు: భాగకు, అంటే డిగ్రీకి, అరవై కళలు, కళకు అరవై వికళలు. ఆనాడు కుజబింబం వెడల్పు 25 వికళలు. చంద్రబింబం వెడల్పు ఇంచుమించు 1,860 వికళలు. 25ను 75తో గుణిస్తే 1,875 వస్తుంది కాబట్టి, 75 రెట్లు పెద్దది చేసి చూపే టెలిస్కోపులో కుజుడు, మామూలు కంటికి చంద్రుడు కనిపించినంత కనిపిస్తాడని అప్పట్లో ఎవరో సరిగ్గానే రాశారు. చేతులు మారేకొద్దీ ఆ వాక్యంలోంచి టెలిస్కోపు జారిపోయింది, 75 రెట్లు జారిపోయాయి, చివరికి సంవత్సరం కూడా జారిపోయింది. మిగిలిన ముక్క ఏటా ఆగస్టులో లేచి కూర్చుంటోంది. ఈ ఆగస్టులో కుజుడు తెల్లవారుజామున తూర్పున కనిపించే ఓ మోస్తరు ఎర్రచుక్క మాత్రమే; బింబం అయిదు వికళల ప్రాంతంలో ఉంటుంది.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మా పెరట్లోది ఆరంగుళాల అద్దమున్న టెలిస్కోపు. 200 రెట్లు పెద్దది చేసే ఐపీస్, అంటే కంటి దగ్గరి కటకం, పెట్టి చూస్తాను. 2025 జనవరిలో కుజుడు దగ్గరికి వచ్చినప్పుడు బింబం 14.6 వికళలుంది. అంటే నా ఐపీసులో అది మామూలు కంటికి కనిపించే చందమామకు ఒకటిన్నర రెట్లుంది. చంద్రుడికంటే పెద్ద కుజుణ్ణి నేను రోజూ చూశాను. అయినా మా ఇంటికి వచ్చి కన్ను పెట్టిన ప్రతివారూ మొదట అన్నమాట “ఇంతేనా?” అనే. పెద్దగా కనిపించడం వేరు, అందులో ఏదైనా కనిపించడం వేరు. కదిలే నీళ్ల అడుగున రూపాయి బిళ్లను చూస్తున్నట్టుంటుంది ఆ బింబం. అంచులు వణుకుతాయి, మచ్చలు ఉన్నట్టే ఉండి కలిసిపోతాయి. పది నిమిషాలకు ఒకసారి గాలి నిలబడితే, ఒకటి రెండు క్షణాలు అంతా గాజుమీద గీసినట్టు తేటపడుతుంది, మళ్లీ చెదిరిపోతుంది. ఆ క్షణంలో చూసినదాన్ని మనసులో నిలుపుకోవడానికి నాకు తెలిసినంతలో పెన్సిల్‌ను మించిన సాధనం లేదు.

నా మొదటి అనుభవం మాత్రం పరాభవమే. 2018 జులై 27న కుజుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కుకు వస్తున్నాడని, బింబం 24 వికళలు దాటుతుందని చదివి, రిటైర్మెంటు డబ్బులో కొంత తీసి టెలిస్కోపు కొన్నాను. వానాకాలపు మబ్బుల మధ్య దొరికిన నాలుగు రాత్రుల్లోనూ నాకు కనిపించింది పాలు ఎక్కువైన టీ రంగులో ఒక నున్నటి బిళ్ల. మచ్చ లేదు, మరక లేదు. అద్దం పాడైందనుకుని అమ్మినవారితో ఫోన్లో గట్టిగా మాట్లాడాను కూడా. తప్పు అద్దానిది కాదు. ఆ ఏడాది జూన్‌లో కుజగ్రహం మొత్తాన్నీ ధూళితుపాను కమ్మేసింది. జూన్ 10 తర్వాత అక్కడ నేలమీద తిరిగే నాసా యంత్రబండి, ఆపర్చునిటీ రోవర్ గొంతు మళ్లీ వినపడలేదు. సూర్యరశ్మి అందక ఒక యంత్రమే మూగబోయినంత దుమ్మును కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి చూసి, నేను అద్దాన్ని అనుమానించాను. ఆ నాలుగు రాత్రుల ఖాళీ వృత్తాలను పారేయలేదు. నా దస్త్రంలో అన్నిటికంటే నిజాయతీగా వేసిన బొమ్మలు బహుశా అవే.

రెండో పాఠం డాబా నేర్పింది. ఆకాశం ఎక్కువ కనిపిస్తుందని మొదట టెలిస్కోపును మేడమీద పెట్టేవాణ్ణి. మా కదిరి ఎండకు పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా ఆవిరి కక్కుతూనే ఉంటుంది; ఆ వేడిగాలిలో కుజుడు పెనంమీద వెన్నలా కరిగిపోయేవాడు. పెరట్లో మట్టినేల మీదికి, కరివేపాకు చెట్టుకు దూరంగా దించాక సగం బాధ తీరింది. సాయంత్రమే గొట్టాన్ని బయట పెట్టి, అద్దం చల్లబడేదాకా గంటసేపు ఆగితే ఇంకో పావువంతు తీరింది. మిగతా పావు దైవాధీనం. వీధిదీపం వెలుగు పడుతోందని బాధపడేవారికి ఒక మాట: నక్షత్రమండలాలకు చీకటి కావాలేమో గానీ కుజుడికి అక్కర్లేదు. అతగాడు బాగా మెరిసే గ్రహం. కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడితే ఆ మెరుపుకు మచ్చలు మరింత కొట్టుకుపోతాయి. నేను పక్కన చిన్న బల్బు వెలిగించుకునే బొమ్మ వేస్తాను.

2025 జనవరి 7 రాత్రి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పక్కింటి తొమ్మిదో తరగతి కుర్రాడు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. పదిన్నరకు మొదటిసారి కన్ను పెట్టి, “ఎర్రగా ఉంది సార్, అంతే” అన్నాడు. చూసి వెళ్లిపోతే లాభం లేదని చెప్పి, కాంపస్‌తో సరిగ్గా 50 మిల్లీమీటర్ల వృత్తం గీసిన అట్ట, ఒక 2బీ పెన్సిలు చేతికిచ్చి, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాను. ఈ టెలిస్కోపుకు మోటారు లేదు. 200 రెట్ల దగ్గర నిమిషానికోసారి కుజుడు అంచుకు జారిపోతాడు, గొట్టాన్ని వేలితో నెట్టి మళ్లీ మధ్యకు తెచ్చుకోవాలి. మొదటి అయిదు నిమిషాలు వాడు కుజుణ్ణి పట్టుకోవడంతోనే సరిపోయింది. తర్వాత అడుగున అంచుమీద చిన్న తెల్లటి మెరుపు ఉందన్నాడు. అది ఉత్తర ధ్రువపు మంచు. ఈ రకం టెలిస్కోపులో బింబం తలకిందులుగా కనిపిస్తుంది కనుక ఉత్తరం కిందికి వచ్చింది. పదకొండు కావస్తుండగా గాలి ఒక్కసారి నిలబడింది. వాడు ఊపిరి బిగబట్టి, “సార్, మధ్యలో ఇండియా మ్యాపు!” అన్నాడు.

వాడు చూసింది సిర్టిస్ మేజర్. పైన వెడల్పుగా మొదలై కింద మొనదేలిన నల్లటి ముక్కోణం, తలకిందుల బింబంలో అచ్చం మన ద్వీపకల్పంలాగే ఉంటుంది. దాని నెత్తిన, హిమాలయాలుండాల్సిన చోట, మరో తెల్లమచ్చ ఉంది. కుర్రాడు దాన్ని దక్షిణ ధ్రువం అని రాసుకున్నాడు. 2022 డిసెంబరులో నేనూ అదే రాసి, బొమ్మను నెల రోజులపాటు అందరికీ చూపించుకున్నాను. అది ధ్రువం కాదు. హెల్లస్ అనే లోతట్టు మైదానం, 2,300 కిలోమీటర్ల వెడల్పున్న పాతకాలపు గొయ్యి. అక్కడ చలికాలం వస్తే మంచుతో, మబ్బుతో అది తెల్లగా మెరుస్తుంది. కొత్తగా చూసేవారికి ధ్రువంలా తోస్తుంది. కుర్రాడి చేత ఆ మాట చెరిపించలేదు. పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టించాను.

బొమ్మ వేసేవారికి తొందర ఎందుకంటే, కుజుడు గంటకు పధ్నాలుగున్నర భాగల చొప్పున తిరుగుతూ ఉంటాడు. పావుగంటలో మచ్చలన్నిటి హద్దులూ లేతగా గీసేసి, అప్పటి గడియారం సమయం పక్కన రాసుకోవాలి. ఆ తర్వాత ఎంతసేపు షేడింగు చేసుకున్నా ఫర్వాలేదు గానీ మచ్చల స్థానం మాత్రం మార్చకూడదు. ముందు ధ్రువపు తెలుపు, తర్వాత ముదురు మచ్చలు, అన్నిటికంటే చివర అంచుల దగ్గరి లేత మబ్బులు. కాగితం మీద తెలుపు వేయలేం, వదిలిపెట్టగలం. అందుకే మంచు ఉన్నచోట పెన్సిలు ఆనించకుండా చుట్టూ బూడిదరంగు తేవాలి. వేలితో రుద్దవద్దని ముప్పై ఏళ్లూ పిల్లలకు చెబుతూ వచ్చాను. కుజుడి దగ్గర మాత్రం ఆ నియమాన్ని నేనే తప్పుతాను. ఆ మచ్చలకు గీత అంచులుండవు, పొగలా కలిసిపోతాయి.

మరుసటి రాత్రి ఆ కుర్రాడు సరిగ్గా అదే వేళకు వచ్చి, ఇండియా మ్యాపు ఇంకా నడిమికి రాలేదేమని అడిగాడు. కుజుడి భ్రమణానికి 24 గంటల 37 నిమిషాలు పడుతుంది. నిన్న చూసిన ముఖం ఇవాళ అదే చోటికి రావాలంటే ముప్పై ఏడు నిమిషాలు ఆగాలి. ఈ లెక్క నేను చెప్పలేదు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని, గడియారం చూసుకుని, ముప్పావుగంటకు ఇటుగా వాడే తేల్చుకున్నాడు. 1659 నవంబరులో హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త ఇదే సిర్టిస్ మేజర్ మచ్చను కాగితం మీద పెట్టి, అది మళ్లీ అదే చోటికి రావడం చూసి, కుజుడి రోజు కూడా మన రోజంతే ఉంటుందని గ్రహించాడు. 1666లో కసిని అనే ఖగోళవేత్త దాన్ని 24 గంటల 40 నిమిషాలకు తెచ్చాడు.

బొమ్మ వేయడంలో ప్రమాదమూ ఉంది. 1877లో మిలాన్‌లో స్కియపరెల్లి అనే ఖగోళవేత్త కుజుడి పటం వేస్తూ, సన్నటి గీతల్లాంటివి చూసి వాటిని ఇటాలియన్‌లో ‘కనాలి’ అన్నాడు. ఆ మాటకు ప్రకృతిలో ఏర్పడిన పాయ అనీ అర్థముంది, తవ్విన కాలువ అనీ అర్థముంది. ఇంగ్లిషులోకి వెళ్లేసరికి తవ్విన కాలువే మిగిలింది. మనం వాగు అనాల్సినచోట కాలువ అన్నట్టన్నమాట. హంద్రీ–నీవా నీళ్ల కోసం ఏళ్లతరబడి ఎదురుచూసిన మా సీమవారికి ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు: వాగు దానంతటది వస్తుంది, కాలువను ఎవరో ఒకరు తవ్వాలి. 1894 నుంచి అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో పర్సివల్ లోవెల్ ఆ తవ్వినవారెవరో కూడా ఊహించి, ఎండిపోతున్న గ్రహం మీద ధ్రువాల మంచునీటిని పొలాలకు మళ్లిస్తున్న నాగరికతను కట్టేశాడు. ఆయన టెలిస్కోపు 24 అంగుళాలది, నాది ఆరు. కన్ను మోసపోవడానికి అంగుళాలతో పని లేదు.

ఆ కాలువలు కంటి మోసమేనని తేల్చిచెప్పినవారిలో మాండర్ అనే గ్రీనిచ్ ఖగోళవేత్త చేసిన పని డ్రాయింగ్ మాస్టారుగా నాకు అన్నిటికంటే ఇష్టం. ఆయన, ఎవాన్స్ అనే ఉపాధ్యాయుడు కలిసి, గీతల్లేకుండా మసక మచ్చలు, చెదురుమదురు చుక్కలు మాత్రమే ఉన్న బొమ్మను గోడకు తగిలించి, బడిపిల్లలను వేర్వేరు దూరాల్లో కూర్చోబెట్టి, కనిపించింది కనిపించినట్టు వేయమన్నారు. 1903లో ఫలితం ప్రకటించారు: విడి చుక్కలు కంటికి ఆనని దూరంలో కూర్చున్న పిల్లలు వాటిని కలిపి తిన్నటి గీతలుగా వేశారు. రిటైరయ్యే ఏడాది నేను మా తొమ్మిదో తరగతిలో చార్టు మీద బొగ్గుతో అలాంటిదే వేసి పెట్టాను. మొదటి వరుసవారు చుక్కలు వేశారు. నాలుగో వరుస నుంచి ముగ్గురు చక్కటి కాలువలు తవ్వారు. వెనక బెంచీవారు పక్కవారిది చూసి వేశారు, అది వేరే విషయం.

చివరికి 1909 సెప్టెంబరు 20న పారిస్ దగ్గరి మ్యూడాన్‌లో, 83 సెంటీమీటర్ల కటకమున్న టెలిస్కోపు ముందు కూర్చున్న ఆంటొనియాడి అనే ఖగోళవేత్తకు గాలి అసాధారణంగా నిలబడింది. గీతలు గీతలుగా లేవు. లెక్కలేనన్ని చిన్న మచ్చలుగా విడిపోయాయి. ఆయనా గొప్ప చిత్రకారుడే, చూసినదాన్నే వేశాడు. 1965 జులైలో కుజుడి పక్కనుంచి వెళ్లిన అమెరికా వ్యోమనౌక మారినర్–4 పంపిన ఇరవై పైచిలుకు ఫొటోల్లో కాలువలు లేవు, గోతులున్నాయి.

అన్నీ ఫొటోలే ఉన్నప్పుడు ఇంకా ఈ పెన్సిలు పనేమిటని మా అబ్బాయి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ కుజ విభాగం 1892 నుంచి ఔత్సాహికుల పరిశీలనలు కూడబెడుతోంది, ఇప్పటికీ చేతిబొమ్మలు తీసుకుంటోంది. కానీ నేను వేసిన బొమ్మవల్ల కుజుడి గురించి లోకానికి కొత్తగా తెలిసేదేమీ లేదని ఒప్పుకోవాలి. తెలిసేది నాకు. మనవాళ్లకు ఈ అలవాటు లేనిదేమీ కాదు. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని పరిశీలించాడు. ఇక 2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుంచే మంగళయాన్ లేచింది, 2014 సెప్టెంబరు 24న కుజకక్ష్య చేరింది. ఆ తర్వాత నేను న్యాయనిర్ణేతగా వెళ్లిన ప్రతి చిత్రలేఖన పోటీలోనూ పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌ను మెట్టు మెట్టునా, జెండాతో సహా వేసిన పిల్లలు, చేరాల్సిన కుజుణ్ణి మాత్రం మూలన ఒక ఎర్రబంతిగా వేసి వదిలేశారు. తప్పు వారిది కాదు. రాకెట్‌ను టీవీలో చూశారు, కుజుణ్ణి ఎవరూ చూపించలేదు. నేను పని చేసిన ఒక పాఠశాలలోనే, ఎవరో దాత ఇచ్చిన చిన్న టెలిస్కోపు లాబ్ బీరువాలో తాళం వెనక ఉండిపోయింది. పగిలితే జీతంలోంచి రికవరీ పడుతుందన్న భయంతో ఏ ఒక్కరూ బయటికి తీయలేదు. వారిలో నేనూ ఒకణ్ణి.

ఇప్పుడు విన్నపం. 2027 ఫిబ్రవరి 19న కుజుడు మళ్లీ సూర్యుడికి ఎదురుగా వస్తాడు; జ్యోతిష్కులు సమసప్తకం అనేది ఇదే. బింబం 13.8 వికళలే, దూరం పది కోట్ల కిలోమీటర్లు దాటి ఉంటుంది, పెద్ద సందర్భమేమీ కాదు. 24 వికళల పైచిలుకు బింబం కావాలంటే 2035 సెప్టెంబరు దాకా ఆగాల్సిందే. కానీ మాకు అనుకూలమైన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో కుజుడు సింహరాశిలో మఖ నక్షత్రం పక్కన ఉంటాడు కనుక అర్ధరాత్రి వేళ తెలుగునాట ఇంచుమించు నడినెత్తిన నిలుస్తాడు. నెత్తిమీదున్న గ్రహానికి అడ్డుపడే గాలి తక్కువ. మరునాడు, ఫిబ్రవరి 20, శనివారం రాత్రి, మాఘ పౌర్ణమి. పున్నమి చంద్రుడు సరిగ్గా ఆ వైపే ఉంటాడు. చంద్రుడూ కుజుడూ పక్కపక్కనే నిలిచే ఆ రాత్రి ఎవరైనా తలెత్తి చూసి, కుజుడు చంద్రుడిలో నూట ముప్పయ్యో వంతు కూడా లేడని తమంతట తామే తేల్చుకోవచ్చు. గత ఆదివారపు వార్తకు సవరణ వేయడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు.

ఆ సవరణతోపాటు, ఆ శనివారం సంచికలో పిల్లల పేజీలో 50 మిల్లీమీటర్ల ఖాళీ వృత్తం ఒకటి అచ్చు వేయమని నా కోరిక. రెండు కాలమ్‌ల వెడల్పు చాలు. కింద తేదీ, సమయం, ఏ టెలిస్కోపు, ఎన్ని రెట్లు, గాలి ఎలా ఉంది అని రాసుకోవడానికి అయిదు గీతలుండాలి. ఫొటో చూసి వేసినవి తీసుకోబోమని, ఏమీ కనిపించక ఖాళీగా పంపిన వృత్తాలను మాత్రం తీసుకుంటామని స్పష్టంగా రాయండి. టెలిస్కోపు లేని పిల్లలు చంద్రుణ్ణి, మఖను, కుజుణ్ణి మూడు చుక్కలుగా పెట్టి మధ్య దూరాలు వేలి వెడల్పుల్లో రాసినా సరే. వచ్చిన బొమ్మలను ఎంచిపెట్టే పని నాకప్పగిస్తే, ఎన్ని వచ్చినా పోస్టు అందిన వారంలోగా తిప్పి పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
కదిరి, శ్రీ సత్యసాయి జిల్లా